శ్రీకాకుళంలో అడ్డదారి

రైలులో వచ్చేవారికి శ్రీకాకుళం దొరకదు. దొరికేది "శ్రీకాకుళం రోడ్డు". ఆమదాలవలసలో వున్న స్టేషనుకు రైల్వేవారు పెట్టిన పేరది. 1890 ప్రాంతాల్లో తూర్పుతీరం పొడుగునా ఇనుపదారి వేసినవారు ఊరిని పక్కన వదిలేసి తమ దారిన తాము పోయారు. ఊరు మాత్రం అలగలేదు. అక్కడ దిగినవారిని 12, 13 కిలోమీటర్లు బస్సుల్లోనూ ఆటోల్లోనూ ఎక్కించుకొని తెచ్చుకొంటూనే వున్నది. ముందు రోడ్డు, తరువాత ఊరు అనే వరస ఇక్కడ స్టేషనుతోనే ఆరంభమవుతుంది. అందుకనే ఈ ఊరిని గురించి రాయాలంటే గుళ్ళూ గోపురాలూ కాస్త పక్కన పెట్టి, దారులను గురించి రాయడమే న్యాయమనిపించింది.

ఊరి ఒడ్డున పారే నాగావళి కథ కూడా దారి కథే. బలరాముడు నాగలితో నేలమీద చాలు తీస్తే ఆ చాలు వెంబడి నీరు పారిందనీ, లాంగుల్య అనే పేరు అందుకే వచ్చిందనీ పెద్దలు చెబుతారు. నది ఒడ్డున కొలువైన రుద్రకోటేశ్వరస్వామిని ప్రతిష్ఠించినదీ ఆయనే అంటారు. కళింగసీమలో మొట్టమొదట అడ్డదారి తీసినవాడు బలరాముడే అన్నమాట! అయితే ఆయన నీటికి దారి ఇచ్చాడు గాని మనుషులకు ఇవ్వలేదు. వంతెన వున్నచోటనే మనం నది దాటాలి. ఎటునుంచి ఎటు పోవాలన్నా రోడ్లన్నీ ఆ వంతెనల వైపు మెడలు సాచక తప్పదు.

పేటలు చెప్పే కబుర్లు

శ్రీకాకుళం నిన్నా మొన్నా పుట్టిన ఊరు కాదు. ఉత్తర సర్కారుల్లో ఒక సర్కారుకు ఇది ముఖ్యపట్టణం. తెల్లవారు "చికాకోల్" అని పిలిచిన రోజుల్లో ఇక్కడి సన్నబట్టకు దేశదేశాల పేరుండేది. 1641లో కట్టిన జామియా మసీదు నేటికీ వున్నది. గుజరాతీపేట, బొందిలీపురం, హయాతినగరం, ఇలిసిపురం అని పేటల పేర్లు చదువుకొంటూ పోతే, ఎక్కడెక్కడివారు ఈ ఊరికి దారి కనుక్కొని వచ్చారో తెలుస్తుంది. వచ్చినవాడు వచ్చినట్టే ఒక వీధి కట్టుకొన్నాడు. ఎడ్లబండి తిరిగేంత వెడల్పు, పల్లకి పోయేంత సందు వుంటే వారికి చాలింది.

1901 జనాభా లెక్కల్లో ఈ ఊరివారు 18,196 మంది. 1950లో జిల్లా ఏర్పడి ముఖ్యపట్టణమయ్యాక కచేరీలూ కళాశాలలూ వచ్చాయి. 2011 నాటికి జనాభా లక్షా పాతికవేలు దాటింది. మనుషులు ఏడింతలయ్యారు గాని పాతపేటల్లో వీధి అరంగుళం వెడల్పు కాలేదు సరిగదా, అరుగు ముందుకు జరిగిన చోటల్లా సన్నబడింది.

ఒకప్పుడు మద్రాసు నుంచి కలకత్తా పోయే పెద్దబాట ఊరి నడుమనుంచే పోయేది. జి.టి. రోడ్డు అనే పేరు దానికి గుర్తు. తరువాత జాతీయ రహదారి ఊరి బయటినుంచి వేసి లారీలను అటు మళ్ళించారు. 5వ నంబరు పోయి 2010లో 16వ నంబరు వచ్చింది. దారిన పోయే దానయ్యలందరూ బయటినుంచి పోతున్నారు గనుక ఇక ఊపిరి పీల్చుకోవచ్చుననుకొన్నది ఊరు. కాని తన కడుపున పుట్టిన మోటారుసైకిళ్ళూ ఆటోలూ బడిబస్సులూ ఎటు మళ్ళుతాయి?

ఏడు రోడ్లు

ఉదయం 8 గంటలు దాటాక ఏడురోడ్ల కూడలిలో ఓ పక్కగా నిలబడి చూస్తే ఇది బాగా బోధపడుతుంది. నాలుగు రోడ్లు కలిస్తేనే మనవాళ్ళకు సర్దుకోవడం కష్టం. ఏడు కలిసేచోట సంగతి చెప్పాలా? బడిపిల్లలను కోడిపిల్లల్లా కుక్కుకొన్న ఆటో ఒక రోడ్డున వస్తుంది. ఎచ్చెర్ల విశ్వవిద్యాలయానికి పోయే కుర్రాడు ఇంకొక రోడ్డున. పొందూరు నుంచి బట్టలమూటతో దిగిన మనిషి మరొక రోడ్డున. ఆదివారమైతే అరసవిల్లి సూర్యనారాయణమూర్తి దర్శనానికి వచ్చే కార్లు సరేసరి. అందరిదీ తొందరే. పోలీసు జవాను చెయ్యి చూపించిన వైపు తప్ప అన్ని వైపులకూ బళ్ళు కదులుతాయి. కాస్త దూరంలో వున్న కూడలి పేరు డే అండ్ నైట్. ఆ పేరు ఎందుకొచ్చినా రద్దీ విషయంలో మాత్రం అక్షరాలా నిజం.

ఇలాంటిచోట తెలివైనవాడు ఏం చేస్తాడు? కూడలికి రాకముందే ఏదో ఒక సందులో దూరతాడు. ఒకడు దూరితే తెలివి. పదిమంది దూరితే అలవాటు. వందమంది దూరితే అది రోడ్డే. ఇదివరలో ఏ సందు ఎక్కడ తేలుతుందో ఊళ్ళో పుట్టి పెరిగినవాడికే తెలిసేది. ఇప్పుడు జేబులోని సెల్‌ఫోను, నిన్న విజయనగరం నుంచి బదిలీమీద వచ్చిన గుమాస్తాకు కూడా చెప్పేస్తున్నది: ఎడమకు తిరగండి, కుడికి తిరగండి, రెండు నిమిషాలు కలిసి వస్తాయి! ఆ రెండు నిమిషాలు ఎవరి వాకిట్లోంచి తీసి యిస్తున్నదో దానికి తెలియదు.

అక్కయ్యగారి వీధి

ఆ వాకిళ్ళలో ఒకటి మా అక్కయ్యది. వీధి పేరు చెప్పను. చెబితే రేపటినుంచి మరో నలుగురు ఆ దారి పట్టవచ్చును.

రెండు పెద్ద రోడ్ల మధ్య వున్న వీధి అది. ఇరవై ముప్ఫయి ఇళ్ళుంటాయి. చాలా యేళ్ళపాటు అది మూసినవీధి. చివర ఒక ఖాళీ స్థలం, తుమ్మచెట్లు, వాటి మధ్య కాలిబాట. అటుపక్క కొత్త కాలనీ లేచాక వర్షాకాలంలో బురద తొక్కలేక రెండు వైపులవారూ కలిసి అర్జీలు పెట్టారు. సిమెంటు రోడ్డు వచ్చింది. ఆ వేళ కొబ్బరికాయ కొట్టి అందరికీ మిఠాయి పంచినది మా బావగారే. హెడ్మాష్టరుగా రిటైరైన మనిషి. అర్జీ రాయడంలో దిట్ట.

సిమెంటు ఆరిన నెలరోజుల్లో ఊరికి ఈ దారి తెలిసిపోయింది. ఇప్పుడు ఉదయం ఎనిమిది నుంచి తొమ్మిదిన్నర దాకా, సాయంత్రం నాలుగున్నర నుంచి దీపాలు పెట్టేదాకా, వీధి వీధివారిది కాదు. తెల్లవారుజామున అక్కయ్య పెట్టిన ముగ్గు ఎనిమిదింటికి చక్రాల గుర్తులుగా మిగులుతుంది. ఎదురింటి మామ్మగారు అరుగుమీద కూర్చుని పేలాలు చెరుగుతూ దారిన పోయేవారినందరినీ పలకరించే అలవాటు మానుకొని, తలుపు ఓరగా వేసుకొని లోపల కూర్చుంటున్నది. గోడకు బొగ్గుతో గీసుకొన్న మూడు వికెట్లు అలాగే వున్నాయి. ఆటే లేదు.

మొన్న మాఘమాసంలో ఏడేళ్ళ పిల్లవాడు బంతికోసం గుమ్మం దిగాడు. మోటారుసైకిలు తగిలింది. చెయ్యి విరిగి, నెల తిరిగేసరికి కట్టు విప్పారు. భగవంతుడి దయ అనుకొన్నారు. కాని ఆ వేళనుంచి వీధిలో తల్లులెవరికీ నిద్ర లేదు.

మొదట ఎవరికి తోచినది వారు చేశారు. రాత్రికి రాత్రి రెండు చోట్ల సిమెంటుతో గట్లు లేపారు. వేగం తగ్గించే గట్టుకు కూడా ఒక లెక్క వున్నది. భారత రోడ్ల కాంగ్రెసువారి నిబంధన ప్రకారం గుండ్రంగా తీర్చిన గట్టు 3.7 మీటర్ల వెడల్పుతో, నడుమ 10 సెంటీమీటర్ల ఎత్తుతో వుండాలి. గంటకు 25 కిలోమీటర్ల వేగంతో పోయేవాడికి అది మెత్తగా తగులుతుంది, మించితే బుద్ధి చెబుతుంది. మన వీధి గట్టు రెండు జానల వెడల్పున, పొలంగట్టులా నిటారుగా లేచింది. కుర్రవాళ్ళు దాని పక్కనుంచి, కాలువ అంచున, మరింత వేగంగా పోసాగారు. గట్టు దెబ్బ తిన్నది ఆస్పత్రికి పోయే నిండు చూలాలొకామె.

అవతలివారి మాట

ఒకరోజు ఆ వీధిలోంచే పోయే ఆటో ఎక్కి, "పెద్దరోడ్డున పోరాదా నాయనా?" అని అడిగాను. అతను వెనక్కు తిరగకుండానే జవాబు చెప్పాడు.

"ఏటి సేత్తాం బావూ! కూడలికాడ పావుగంట నిలబడిపోతే ఆయిలు ఖర్చు నాదే కదా. బళ్ళో గంట కొట్టీసినాక గుంటల్ని దింపితే మేష్టారు నన్నే తిడతారు. సందు బాగుంటే సందులోంచి ఎల్తాం, రోడ్డు బాగుంటే రోడ్డుమీద ఎల్తాం. మాకు మాత్రం సందులంటే సరదా ఏటి?"

ఇందులో అబద్ధమేమీ కనిపించలేదు. అడ్డదారిన పోయేవాడు దొంగ కాడు. పెద్దదారి ముడిపడిపోతే నీళ్ళు పల్లం వెతుక్కున్నట్టు బండి సందు వెతుక్కొంటుంది.

విజయనగరం వెళ్ళినప్పుడు ఇదే సంగతి మరో రూపంలో కనిపిస్తుంది. అక్కడ నదికి బదులు రైలుకట్ట వున్నది. పట్టాలు దాటే చోట్లు కొద్ది గనుక ఊరి బళ్ళన్నీ వాటి దగ్గరే పోగవుతాయి. "ఎత్తుబ్రిడ్జి" అనే మాట ఆ ఊరివారికి వంతెన పేరు మాత్రమే కాదు, అడ్రసు కూడా. అయితే అదే విజయనగరంలో దసరా వెళ్ళిన మంగళవారం నాడు పైడితల్లమ్మ సిరిమాను మూడు లాంతర్ల దగ్గరనుంచి కోటదాకా మూడుసార్లు తిరుగుతుంది. ఆ ఒక్క పూట ఆ దారిన మోటారు హారను వినిపించదు. లక్షలాది జనం ఇళ్ళ కప్పులమీదా అరుగులమీదా నడివీధిలోనూ నిలబడతారు. వీధి అంటే అసలు ఎంతమందిని పట్టగలదో ఆ రోజు చూడాలి! బళ్ళకు చాలని దారే మనుషులకు ఎంతో విశాలంగా వుంటుంది.

పైదేశాల ముచ్చట

ఈ బాధ మనకొక్కరికే వచ్చినది కాదు. అమెరికాలో న్యూయార్కుకు పోయే పెద్దవంతెన దగ్గర లియోనియా అని చిన్న ఊరొకటి వున్నది. సెల్‌ఫోను చెప్పిన మాట విని వేలకొద్దీ కార్లు ఆ ఊరి సందుల్లో దూరితే, ఇంటివారికి తమ గేటులోంచి కారు బయటికి తీసే వీలు లేకపోయింది. 2018 జనవరిలో దాదాపు 60 వీధులను రద్దీ వేళల్లో పైవారికి మూసివేశారు. న్యాయస్థానం ఆ ఏడాదే ఆ కట్టడిని కొట్టివేసింది.

డొనాల్డ్ ఆపిల్‌యార్డ్ అనే ఆచార్యుడు 1969లో శాన్‌ఫ్రాన్సిస్కోలో మూడు వీధులను ఎంచుకొని ఇంటింటికీ వెళ్ళి అడిగాడు. ఒక వీధిలో రోజుకు 2,000 బళ్ళు, మరొక దాంట్లో 8,000, ఇంకొక దాంట్లో 16,000. మనుషులు ఇంచుమించు ఒకే రకం. బళ్ళు తక్కువ వున్న వీధిలో ఒక్కొక్కరికి ఆ వీధిలోనే సగటున ముగ్గురు స్నేహితులున్నారు. బళ్ళు ఎక్కువైన వీధిలో ఒక్కరైనా నిండుగా లేరు! మామ్మగారు తలుపు ఓరగా వేసుకోవడం ఆయన చూడకపోయినా, ఆ సంగతిని అంకెల్లో రాసిపెట్టాడు. వీధులను గురించి ఆయన రాసిన పుస్తకం 1981లో వెలువడింది. మరుసటి ఏడు గ్రీసు దేశపు ఏథెన్సులో, వేగంగా వచ్చిన కారు కిందపడి ఆయనే చనిపోయాడు.

మన దేశంలో 1950 తరువాత చండీగఢ్‌ను కొత్తగా కట్టినప్పుడు కార్బూజియే దారులను ఏడు తరగతులుగా విభజించాడు. ఊరినుంచి ఊరికి పోయేది మొదటిది. ఇంటి గుమ్మానికి చేర్చేది ఆరోది. చెట్లకింద నడిచేవారికి మాత్రమే అయినది ఏడోది. అక్కడ ఏడు రకాల దారులను విడదీశారు, ఇక్కడ ఏడు రోడ్లు వచ్చి ఒక్కచోట కలుసుకొంటాయి! అయితే ఖాళీ నేలమీద ఊరు కట్టడం వేరు, వందల యేళ్ళుగా కాపురాలున్న ఊరిని సర్దడం వేరు. హాలండులో డెల్ఫ్ట్ పట్టణంవారు పాతవీధులనే సర్దుకొన్నారు. వీధి మూయలేదు. చెట్టు ఒకచోట, బల్ల ఒకచోట అడ్డంగా పెట్టి దారిని మెలికలు తిప్పారు. బండివాడు మనిషి నడక వేగాన పోక తప్పదు. 1976లో వారి ప్రభుత్వం ఆ పద్ధతిని చట్టంలో చేర్చింది.

వేపచెట్టు కింద పంచాయితీ

ఈ కబుర్లన్నీ నేను బావగారికి చెప్పేసరికి, వీధివారు ఒక ఆదివారం సాయంత్రం వేపచెట్టు కింద సమావేశమయ్యారు. చివరన గోడ కట్టేయాలని ఎక్కువమంది పట్టు.

"అర్జీపెట్టి తెచ్చుకొన్న రోడ్డుకు మనమే గోడ కట్టుకోవడమా మాష్టారూ?" అన్నాడు మందులషాపాయన.

"అప్పుడు దారి అడిగాం. మనం అడిగింది దారి, రహదారి కాదు," అన్నారు బావగారు.

అవతలి కాలనీనుంచి ఇద్దరు వచ్చారు. వారి పిల్లలు చదివే బడి ఇవతలే వున్నది. గోడ లేస్తే ఆ పసివాళ్ళు ఏడురోడ్లవైపు తిరిగి రావాలి. "మీ పిల్లవాడి చెయ్యి విరిగిందని మీ బాధ. మా పిల్లలను ఆ రద్దీలోకి తోస్తే మా బాధ ఎవరికి చెప్పుకోవాలి?" అన్నారు. దానికి ఎవరివద్దా జవాబు లేకపోయింది.

అంతవరకు ఓ పక్కన బుట్ట దింపుకొని కూర్చున్న కూరలమ్మి నోరు విప్పింది. రోజూ తెల్లవారేసరికి అవతలివైపునుంచి వంకాయలూ ఆనపకాయలూ నెత్తిన పెట్టుకొని వచ్చే మనిషి.

"బళ్ళని ఆపండి బావూ, కాళ్ళని ఆపకండి. గోడెట్టీస్తే నానెలగొస్తాను? చుట్టూ తిరిగొస్తే ఎండెక్కిపోద్ది, కూర వాడిపోద్ది. అప్పుడు మీరే బేరాలాడతారు!"

అందరూ నవ్వారు. కాని పంచాయితీ తీర్పు మాత్రం ఆవిడ మాటల్లోనే దొరికింది. బళ్ళను ఆపాలి, కాళ్ళను ఆపకూడదు. నగరపాలక సంస్థవారికి మళ్ళీ అర్జీ రాశారు. ఈసారి అవతలి కాలనీవారి సంతకాలు కూడా పడ్డాయి. నాలుగు నెలలు తిరిగాక అనుమతి వచ్చింది.

చివర గోడ లేదు. నల్లరాతి కమ్మీలు ఎదురెదురుగా కాక మెలికగా పాతారు. మనిషి పోతాడు, సైకిలు పోతుంది, నెత్తిన బుట్టతో కూరలమ్మి పోతుంది. మోటారుసైకిలువాడు దిగి నడిపించుకోవాలి. ఆటోకు దారి లేదు. మధ్యలో ఒక ఇనుపస్తంభం తాళంతో తీసి పెట్టేది. తాళంచెవి మందులషాపులో మేకుకు వేలాడుతుంటుంది. ఆస్పత్రిబండి వస్తే ఏ వేళనైనా తీస్తారు. రాత్రిపూట షాపు కట్టేసినప్పుడు చెవి మా అక్కయ్యగారింటికి వస్తుంది. అడుగులెత్తు గట్లు పగలగొట్టి లెక్కప్రకారం ఒకటే గట్టు పోయించారు.

నేను పోయిన నెల వెళ్ళేసరికి గోడమీద బొగ్గువికెట్లు కొత్తగా గీసి వున్నాయి. మామ్మగారు అరుగుమీదికి వచ్చి, "ఎప్పుడొచ్చావు నాయనా, భోజనం అయిందా?" అని అడిగారు. ఆ పూట నాకు అంతకన్న పెద్ద అభివృద్ధి కనిపించలేదు.

అయితే కథ అంతటితో కంచికి పోలేదు. ఆ వీధిలో ఆగిన ఆటోలు ఆవిరైపోలేదు కదా! పైవీధిలోంచి పోతున్నాయి. ఆ వీధివారు ఇప్పుడు బావగారి దగ్గరికి వచ్చి అర్జీ నమూనా అడుగుతున్నారు. ఆయన కళ్ళజోడు సవరించుకొని, "రాసిస్తాను గాని, మీ తరువాత మీ పైవీధివారు వస్తారు. వీధి వీధికీ రాళ్ళు పాతుకొంటూ పోతే చివరికి మిగిలేది ఆ కూడలే. అందరం కలిసి కూడలి సంగతి ముందు చూడమని రాద్దాం," అన్నారు. బడిబస్సులు ఆగే చోట్లు మార్చాలనీ, బడి వేళలూ కచేరీ వేళలూ కాస్త ఎడంగా వుంచాలనీ, పెద్దరోడ్ల అంచున నడిచేవారికి చోటు విడిచిపెట్టాలనీ మూడు పేజీల అర్జీ తయారవుతున్నది. ఏడు వీధులవారు సంతకాలు పెట్టాలట.

ఏడు రోడ్లు కలిసే ఊళ్ళో ఏడు వీధులవారు కలవడం కష్టం కాకూడదు. ఈసారి మీరు శ్రీకాకుళం వెళితే అరసవిల్లి దర్శనం చేసుకోండి, శ్రీకూర్మం చూడండి, నాగావళి గట్టున కాసేపు కూర్చోండి. తిరిగి వచ్చేటప్పుడు సెల్‌ఫోను ఏదైనా సందులోకి తిరగమంటే, ఆ సందులో ముగ్గు వున్నదేమో, బంతికోసం దిగే పసివాడున్నాడేమో ఒక్కక్షణం చూసి తిరగండి. రెండు నిమిషాలు ఆలస్యమైతే మునిగిపోయేదేమీ లేదు.